రాఖీపువ్వు పేజీ

ఆదివారం మధ్యాహ్నం. తెలుగు సంఘం హాల్లో పిల్లలంతా గోడమీది బొమ్మలు చూస్తున్నారు. దేవమణి మాత్రం పుస్తకాల బీరువా దగ్గర నిలబడింది. చేతిలో లావుపాటి పూల పుస్తకం. పేజీకో పువ్వు, అచ్చం నిజం పువ్వులాగే.

దేవమణి అటూ ఇటూ చూసింది. కింది అరలో పాత రైల్వే రూల్సు పుస్తకాలున్నాయి. వాటిని ఎవరూ ముట్టుకోరు. పూల పుస్తకాన్ని వాటి వెనక్కి తోసేసింది.

ఆదివారాలు పిల్లల్ని చూసుకునేది సరోజాదేవి టీచరు. ఖరగ్‌పూర్ పిల్లలందరికీ ఆమె దీదీ. సంఘం తోటలో ఉన్న ఏదైనా మొక్క బొమ్మ వెయ్యాలని, బాగా వచ్చినవాటికి అద్దం కట్టించి గోడమీద పెద్దవాళ్లు వేసిన బొమ్మల పక్కన పెడతామని ఆమె చెప్పింది. అప్పటినుంచీ దేవమణికి అదే ధ్యాస. ఆ పుస్తకం తనొక్కదానికే ఉంటే తన బొమ్మే బాగుంటుంది.

"దేవమణీ, పూల పుస్తకం సూసినావా?" అని సూసన్న వచ్చి అడిగింది. ఇద్దరిదీ ఒకే క్లాసు, పక్కపక్క రైల్వే క్వార్టర్లు.

"నేదు. ఎవులో తీసుంటారు."

"మా అమ్మ ఏసిన రాఖీపువ్వు తీగుంది కదా, అదే ఏద్దామనుకుంటన్నాను. సలికాలం, ఒక్క పువ్వూ నేదు. లోపల రాఖీలాగ సుట్టూ ఉండే ఊదారంగు పోగులు ఎలాగుంటాయో గుర్తు రాట్లేదు."

సూసన్న వాళ్లమ్మ చనిపోయి రెండేళ్లయింది. ఆమె నాటిన తీగ తోట కంచె నిండా అల్లుకుంది.

"మందారం ఏసుకో" అంది దేవమణి.

"మందారం మా అమ్మ ఏసింది కాదు."

సూసన్న పై అరలన్నీ వెతికింది. కింది అర ముందు కూర్చుంది. రూల్సు పుస్తకాల మీద దుమ్ము చూసి సూసన్న లేచిపోయింది.

'నా బొమ్మ అయిపోగానే ఇచ్చేస్తాను' అనుకుంది దేవమణి.

మరుసటి ఆదివారం అందరికన్నా ముందే వచ్చి, పుస్తకం తీసి, డాలియా పువ్వు వేసుకుంది. సూసన్న గేటు దగ్గర కనిపించగానే పుస్తకాన్ని మళ్లీ వెనక్కి తోసింది.

దీదీ బొమ్మలు చూసింది. "దేవమణి డాలియా ఎంత బాగుందో సూడండి" అంది. అందరూ మూగారు. తర్వాత సూసన్న కాగితం తీసింది. ఆకులున్నాయి, తీగ ఉంది. మధ్యలో పెన్సిల్‌తో గీసిన ఖాళీ గుండ్రం.

"పువ్వేదమ్మా?"

"గుర్తు రాలేదు దీదీ."

"పరవాలేదు, పూర్తి సేసి తీసుకురా. అప్పుడు పెడదాం."

"ఎల్లుండే ఎల్లిపోతన్నాం దీదీ. నాన్నకి వాల్తేరు ట్రాన్స్‌ఫరయ్యింది."

సూసన్న కాగితాన్ని మడిచి సంచిలో పెట్టుకుంది. పుస్తకం నాలుగడుగుల దూరంలోనే ఉంది. ఇప్పుడు తీస్తే అందరికీ తెలిసిపోతుంది. దేవమణి కదల్లేదు.

మర్నాడు బడి వదలగానే సంఘానికి పరుగెత్తింది. తాళం వేసి ఉంది.

ఆ మర్నాడు స్టేషన్‌కి వెళ్లింది. సూసన్న కిటికీ దగ్గర కూర్చుంది. ఆమె నాన్న పెట్టెలు సర్దుతున్నాడు.

"సూసన్నా, పుస్తకం నేనే దాసినాను."

సూసన్న దేవమణి వైపు తిరిగింది.

"నేను నిన్నే అడిగినాను కదా" అంది. అంతే, అటు తిరిగిపోయింది. బండి కదిలినా ఇటు చూడలేదు.

ఆదివారం దేవమణి పూల పుస్తకం తెచ్చి దీదీ చేతిలో పెట్టి, జరిగిందంతా చెప్పింది. దీదీ గోడమీది డాలియా వైపు చూసింది.

"సూసన్నకి సెప్పినావా?"

"సెప్పినాను."

"ఏటంది?"

దేవమణి తోట కంచె మీది తీగ వైపు చూసింది. దీదీ తిట్టలేదు. ఓదార్చనూ లేదు. "ఎల్లు, ఎల్లి కూర్చో" అని పుస్తకం ఇచ్చేసింది.

దేవమణి బల్ల దగ్గర కూర్చుని పుస్తకం తెరిచింది. కొత్త బొమ్మ కోసం కాగితం సిద్ధంగా ఉంది. మూడో క్లాసు చిలకమ్మ వచ్చి పక్కన నిలబడింది.

"అక్కా, నీది అయ్యాక నాకిస్తావా?"

దేవమణి పుస్తకాన్ని ఆమె ముందుకు జరిపింది. "ముందు నువ్వు సూడు."

చిలకమ్మ నెమ్మదిగా ఒక్కో పేజీ తిప్పుతూ రాఖీపువ్వు దగ్గర ఆగింది. సాయంత్రం టీవీలో సినిమా వేళ అయిందని పిల్లలు లేచిపోతున్నారు. చిలకమ్మ ఇంకా రంగులు వేస్తూనే ఉంది. దేవమణి పేజీ ఎగిరిపోకుండా వేలితో నొక్కి పట్టుకుని కూర్చుంది.