నోరెండిన మునీశ్వరుడు

అమావాస్య మధ్యాహ్నం... సూర్యబింబాన్ని రాహువు కబళిస్తున్న ఘోరమైన ఘడియ! తిరుత్తణి కొండను కాటుకచీకటి కమ్మేసింది. పట్టపగలే గుడ్లగూబ కూసింది... దానికి జవాబుగా ఇంట్లోంచి అక్క వనజాక్షి కేక!

తమ్ముడు తణికాచలం రక్తం సలసలా కాగింది. తలుపు తోసుకుని లోపలికి దూకాడు.

"బావా! అక్క యాడ?"

బావ ద్వారకనాథ్ ఓడలో పనిచేసి దేశాలు తిరిగొచ్చిన మనిషి. దక్షిణ సముద్రపు దీవుల తీరులో ఇంట్లోనే టికీ బారు అనే మందుశాల కట్టుకున్నాడు. వెదురు గోడలు, తాటాకు కప్పు, వేలాడే చేపలవలలు, దేవుడి మొహాలున్న మట్టి మగ్గులు... వెలుగు చొరబడకుండా కిటికీలు సైతం మూయించాడు. కొయ్యదేవుడు లేకుంటే అది అసలు టికీయే కాదని ఒకటే రంధి! మాంత్రికుడు నాగలింగం ఆ కొరతా తీర్చాడు. చెరువుకట్ట మీది కావలిదేవుడు మునీశ్వరుడి వేపమొద్దును పెకలించి తెచ్చి బారులో పాతాడు!

మునికి మొదటి గుక్క పోయనిదే ఆ ఊళ్లో ఎవడూ మందు ముట్టడు. ఇక్కడేమో నెలరోజులుగా ఆయన కళ్లెదుటే తాగారు... ఒక్క చుక్క పోయలేదు. నాగలింగం పోయనివ్వలేదు. దాహంతో వెర్రెత్తిన దేవుణ్ణి ఆడదాని ఒంట్లోకి దించి, ఆమెను బలిచ్చి, ఆయన్ని కట్టుబానిసను చేసుకోవాలని ఆ నీచుడి పన్నాగం!

"లోపల దిష్టిపూజ జరగతా ఉంది. అడ్డం రాబాకరా" అన్నాడు బావ, మగ్గులోని రమ్ము చప్పరిస్తూ.

"థూ! పెండ్లాం కంటే నీకీ కల్లుగుడిసె ఎక్కువైపోయిందా?"

తణికాచలం లోగది తడికను ఒక్క తన్ను తన్నాడు. కపాలం ముందు జుట్టు విరబోసుకుని అక్క... "దాహం... దాహం..." ఆమె నోట మగగొంతు! ఆమె మెడ మీద నాగలింగం కత్తి!

"అడుగేస్తివా, మీ యక్క తల తెగతాదిరా!"

తణికాచలం అడుగు వేయలేదు. బావ చేతిలోని మగ్గు లాక్కుని మొద్దు మీదికి విసిరికొట్టాడు.

"తాగు సామీ! మొదటి గుక్క నీదే!"

ఫెళఫెళ ఉరుము! కొయ్యకళ్లు నిప్పుల్లా రగిలాయి. వనజాక్షి విడుదలై కుప్పకూలింది. కత్తి జారింది... దేవుడి దాహం సోకి నాగలింగం తన గొంతు తానే పట్టుకున్నాడు. "నీళ్లు... నీళ్లు..." అతని నాలుక పిడచగట్టింది, చర్మం ముడుచుకుంది. చూస్తుండగానే ఎండుతాటాకులా గలగలమని రాలిపోయాడు!

గ్రహణం విడిచింది. తణికాచలం అక్కను భుజానికెత్తుకుని, బావ వైపు తిరిగాడు.

"అసలు సిసలు టికీ కావాలంటివే... ఇదో, అయింది. ఇంక దినమూ నువ్వే పొయ్యాల. మరిచినావో..."

ఆ మాట పూర్తి కాలేదు. వెనక నుంచి మొద్దు అడిగింది...

"ఇంకా!"