దూది కోటు

గోడ అవతల బసవమ్మ మినుములు వేయిస్తోంది. ఆ కమ్మని వాసన గోడ దాటి ఇవతలికి వచ్చేసరికి లాల్‌బీ భర్త ముందు సద్దన్నం పెడుతోంది. నాగూర్ వలి తలెత్తకుండా తిన్నాడు. మజ్జిగ పోయించుకున్నాడు, చెయ్యి కడుక్కున్నాడు, దూది ఏకే విల్లును భుజానికెత్తుకున్నాడు. "నంబూరు పోతన్నా. పొద్దుగూకి వస్తా" అన్నాడు, ఆమెతో కాక గుమ్మంతో చెప్పినట్టు.

సాయంత్రం అతను తిరిగొచ్చేదాకా ఆ ఇంట్లో ఇక మాట ఉండదు. వచ్చాక కూడా పరుపు గుడ్డ కుట్టడం అయిందా, దిండ్లు ఎవరైనా తీసుకెళ్లారా అన్నంత వరకే. పెదకాకానిలో, చుట్టుపక్కల ఊళ్లలో ఎవరింట పెళ్లి జరిగినా పరుపులు వీళ్లింటి నుంచే వెళ్తాయి. అతను దూది ఏకుతాడు, ఆమె కుడుతుంది. కలిసి చేసే పని కాబట్టి కలిసి ఉన్నట్టే కనిపిస్తారు.

మూడేళ్ల కిందట ఆ ఇల్లు ఇలా ఉండేది కాదు. కొడుకు మాబు ఒక్కడే పదిమంది పెట్టు మాట్లాడేవాడు. బళ్లో పిల్లలు వాడి జుట్టులో చిక్కుకున్న దూది పింజలు చూసి తాత అని ఏడిపించేవాళ్లు. చిన్నప్పుడు వాడూ నవ్వేవాడు. పెద్దయ్యాక నవ్వడం మానేశాడు. ఒకనాడు ఒక పెళ్లివారింట్లో, పదిమంది చూస్తుండగా ఎవడో మళ్లీ ఆ మాటే అన్నాడు. మాబు చేతిలో ఉన్న దూది కొట్టే కొయ్యను తండ్రి ముందు పారేసి, ఈ బతుకు నాకొద్దు అని వెళ్లిపోయాడు. ఆ వారంలోనే బసవమ్మ కొడుకు అంకమ్మరావుతో కలిసి గుంటూరు వెళ్లి మిలిటరీలో చేరాడు. నాగూర్ వలి కేకలు వేయలేదు. నా ఇంట్లో వాడి పేరు ఎత్తొద్దు, ఇక్కణ్ణించి వాడికి గడ్డిపోచ కూడా పోవడానికి వీల్లేదు అని ఒక్కసారి చెప్పాడు. రెండోసారి చెప్పాల్సిన అవసరం రాలేదు.

"ఏమే లాల్‌బీ, చెయ్యి ఖాళీనా? సున్నుండలు చుట్టాలి, రా" అని గోడ మీదుగా బసవమ్మ పిలిచింది.

అంకమ్మరావు సెలవు మీద వచ్చాడు. చైనా యుద్ధం ముగిసిన మరుసటి ఏడు చలికాలం అది. వచ్చే శుక్రవారం వాడు తిరిగి వెళ్లాలి. బసవమ్మ వంటిల్లంతా డబ్బాలతో నిండిపోయింది. గోంగూర పచ్చడి ఒక జాడీ, నల్లకారం ఒక డబ్బా, చేగోడీలు, ఇప్పుడీ సున్నుండలు. కొడుక్కే కాదు, వాడితో ఉండే వాళ్లందరికీ. కడప పిల్లవాడికి కారం ఎక్కువుండాలట. ఇంకెవడో తీపి కనపడితే ఆగడట. చూడని ఆ పిల్లలందరి నాలుకలూ తనకు తెలిసినట్టే ఆమె చెప్పుకుపోతోంది.

లాల్‌బీ నెయ్యి పోసి కలిపిన పిండిని అరచేతిలోకి తీసుకుని ఉండ చుట్టింది. ఇంకొకటి చుట్టింది. వేడి నెయ్యికి చెయ్యి చురుక్కుమంటోంది. చాలాసేపటికి, ఎవరి గురించో అడిగినట్టు, మావాడు ఎట్టా ఉన్నాడని అడిగింది.

అంకమ్మరావు గడపలో కూర్చుని ఒక సున్నుండ నోట్లో వేసుకోబోతున్నాడు. ఆగిపోయాడు. బాగానే ఉన్నాడు పిన్నీ అన్నాడు ముందు. బాగా ఒళ్లు చేశాడని, అందరికంటే ముందు కొండెక్కుతాడని చెప్పాడు. సెలవు ఇస్తామంటే మాబు ఇంకొకరికి ఇవ్వమన్నాడని కూడా చెప్పి, అది చెప్పకుండా ఉండాల్సిందేమోనని తల్లివైపు చూశాడు. అక్కడి చలి గురించి అడిగితే, ఉన్ని బట్టలు ఇచ్చారుగానీ రాత్రి కాపలాకు నిలబడితే చలి ఎముకల్లోకి పోతుందన్నాడు.

"తిండి?" అంది లాల్‌బీ.

"తిండికేం లోటు లేదు పిన్నీ. కానీ..." వాడు చేతిలోని ఉండను తిరిగి పళ్లెంలో పెట్టేశాడు. "ఎవరికన్నా ఇంటినుంచి డబ్బా వస్తే అందరం చుట్టూ చేరతాం. ఆ టయానికి మాబు ఉండడు. ఎవడి బదులన్నా డ్యూటీ అడిగి తీసుకుని బయటికి పోతాడు."

బసవమ్మ కొడుకును కళ్లతోనే కసిరింది. తర్వాత లాల్‌బీ పక్కకు జరిగి, ఒక డబ్బా విడిగా కట్టి నీ పేరు చెప్పి ఇప్పిస్తానంది. నీ మొగుడికి తెలియక్కర్లేదు అంది.

"ఇవి నువ్వు వేయించిన మినుములక్కా. నేను చేశానని వాడికి ఎట్టా చెప్తాం?" అంది లాల్‌బీ.

ఇంటికొచ్చి, పరుపులు కుట్టగా మిగిలిన గుడ్డల మూట విప్పింది. నీలం చారల దళసరి గుడ్డ ఒకటి తగినంత ఉంది. లోపలి అస్తరుకు తన మెత్తబడ్డ పాత చీర ఒకటి తీసింది. ఆమెకు స్వెట్టర్లు అల్లడం రాదు. ఉన్ని ఎలా ఉంటుందో ముట్టుకుని ఎరగదు. దూది తెలుసు. రెండు పొరల మధ్య దూది పెట్టి కుడితే అది పరుపు. చేతులు పెట్టి, ముందు బొత్తాలు కుడితే కోటు అవుతుంది. పైన మిలిటరీ చొక్కా వేసుకుంటే లోపల ఏముందో ఎవరికి తెలుస్తుంది?

అయితే దూది ఏకాలి. విల్లు మగవాళ్ల చేతిది. ఆమె ఏనాడూ పట్టలేదు. పట్టినా ఆ చప్పుడు ఊరంతా వినపడుతుంది. అందుకని గింజ తీసిన దూదిని ముందేసుకుని, వేళ్లతోనే పింజ పింజగా పీకింది. భర్త గడప దాటగానే మొదలుపెట్టి, ఎండ వాలేసరికి పక్కవాళ్ల కోసం కుట్టిన దిండ్ల కింద దాచేది. ఒంటరి ఇంట్లో తనదంటూ ఒక పని దొరికిన ఆ నాలుగు రోజులూ ఆమెకు ఆకలి కూడా బాగానే వేసింది.

కొలతకు మాబు విడిచిపోయిన చొక్కా పెట్టుకుంది. బుధవారం నాడు అంకమ్మరావుకు చూపిస్తే వాడు పొట్ట పట్టుకుని నవ్వాడు. బసవమ్మ వచ్చి చూసి, "పరుపు లేచి నడిచొచ్చినట్టుందే" అంది. తర్వాత అంకమ్మరావు నవ్వు ఆపుకుని, ఇది వాడికి మోచేతి దాకా కూడా ఎక్కదన్నాడు. ఇప్పుడు మాబు అచ్చం నాగూర్ బాబాయి అంత మనిషయ్యాడట. అవే భుజాలట.

లాల్‌బీ నవ్వలేదు. తాను ఎవరికి కుట్టిందో అప్పుడు తెలిసింది. మూడేళ్ల కిందట గడప దాటిన పిల్లవాడికి. ఆ పిల్లవాడు ఇక ఎక్కడా లేడు.

మర్నాడు పొద్దున్నే కుట్లు విప్పి, చంకల కింద, పక్కలకు ముక్కలు అతికి వెడల్పు చేసింది. కానీ ఎత్తి దులిపేసరికి లోపలి దూది ఉండలు కట్టి కిందికి జారింది. భుజాల దగ్గర ఉత్త గుడ్డ మిగిలింది. అడుగున బొడిపెలు. ఒక భుజం దగ్గర మళ్లీ విప్పింది. తెల్లవారితే శుక్రవారం. ఆమె వేళ్లు గబగబా పీకుతున్నాయి.

గుమ్మంలో నీడ పడింది. నంబూరులో పని చేస్తున్న ఇంట్లో ఎవరో పోయారట, పని ఆగిపోయి నాగూర్ వలి మధ్యాహ్నానికే తిరిగొచ్చాడు. విల్లు భుజాన ఉండగానే నిలబడి చూశాడు.

"ఎవరిదది?"

అంకమ్మరావుదని అంటే సరిపోయేది. బసవమ్మ కాదనదు కూడా.

"మాబుది" అంది లాల్‌బీ.

మూడేళ్ల తర్వాత ఆ పేరు ఆ ఇంట్లో వినపడింది. అతను విల్లు దించి, కింద కూర్చుని, కోటును దగ్గరికి లాక్కున్నాడు. భుజం దగ్గర వేళ్లతో నొక్కి చూశాడు. అడుగున బొడిపెలు పట్టి చూశాడు.

"ఈ దూది ఎవరు ఏకారు?"

"ఎవరూ ఏకలా. చేత్తో పీకా."

అతను ఆమె పక్కనున్న కత్తెర తీసుకుని ఒక పక్క కుట్టంతా టకటకా తెంపాడు. లోపల చెయ్యి పెట్టి దూది బయటికి లాగాడు. లాల్‌బీ అతని మణికట్టు పట్టుకుంది. పెళ్లయినప్పటినుంచి అతని చెయ్యి అలా పట్టుకుని ఆపింది లేదు.

"తగలబెడతావా? తగలబెట్టు. ఒక్క మాట విని తగలబెట్టు. ఆడ అందరికీ ఇంటినుంచి డబ్బాలొచ్చే టయానికి నీ కొడుకు డ్యూటీ అడుక్కుని చలిలోకి పోతన్నాడంట. నీకేం రాలేదా అని ఎవరన్నా అడుగుతారేమోనని."

అతను చెయ్యి విడిపించుకోలేదు. "పదిమందిలో నా ముందు కొయ్య పారేసి పోయాడు" అన్నాడు. "దూది దులుపుకున్నట్టు దులుపుకుని పోయాడు. నీకు కనపళ్లా?"

"కనపడింది. వాడు నీ పనిని వద్దన్నాడు. నువ్వు నా పనిని సాగనివ్వవు. ఈ ఊళ్లో పెళ్లయిన పెతి పిల్లకీ పరుపు కుట్టా. నా బిడ్డకి ఒక్క కుట్టు కుట్టి ఎరగను. మీ ఇద్దరి మధ్యా కూర్చుని నేనెవరికి చెయ్యాలి? చెప్పు."

ఆమె పట్టు వదిలి, లేచి, పెరట్లోకి వెళ్లి గోడకు ఆనుకుని కూర్చుంది. గోడ అవతల బసవమ్మ ఉందని ఆమెకు తెలుసు. డబ్బాల మూతల చప్పుడు ఆగిపోయింది. అంతా వినే ఉంటుంది. అయినా పిలవలేదు. పిలవకపోవడమే మేలనిపించింది లాల్‌బీకి. ఎండ గోడ మీదుగా ఆమె పాదాల మీదికి జారింది. ఇంట్లోంచి ఏ చప్పుడూ లేదు. గుడ్డ కాలిన వాసన వస్తుందేమోనని కాసేపు చూసింది. తర్వాత దాని గురించి కూడా ఆలోచించడం మానేసింది.

అప్పుడు విల్లు మోగింది.

మొదట ఒక్క దెబ్బ. తర్వాత రెండు. తర్వాత ఆగకుండా. ఆమె లేచి లోపలికి వెళ్లేసరికి గదంతా తెల్లగా ఉంది. నాగూర్ వలి తలకు గుడ్డ చుట్టుకుని, ఆమె పీకిన దూదిని పక్కకు నెట్టి, కొత్త దూది ముందేసుకుని కొడుతున్నాడు. నారి తగిలిన చోటల్లా దూది లేచి, గాల్లో విడిపోయి, చప్పుడు లేకుండా దిగుతోంది. పరుపుకు చాలినంత మెత్తబడ్డాక కూడా ఆపలేదు. ఏకిన దాన్నే మళ్లీ ఏకాడు.

"ఒంటిమీదికి గదా. పరుపు దూది పనికిరాదు" అన్నాడు తల తిప్పకుండా. "నువ్వు దూరం దూరంగా కుట్టావు. అందుకే జారింది. చిన్న చిన్న గళ్లుగా కుట్టు."

ఆమె కూర్చుంది. అతను పలచగా పరిచి ఇచ్చాడు, ఆమె పైన గుడ్డ కప్పి కుట్టింది. ఎప్పటిలాగే పెద్దగా మాటలు లేవు. అయితే ఆమె సూదిలో దారం అయిపోయినప్పుడల్లా అతనే ఎక్కించి ఇచ్చాడు. ఇదివరకు ఎప్పుడూ చేయని పని అది. దారం కొసను నోట్లో తడిపి, కళ్లు చికిలించి, రెండు మూడుసార్లు గురి తప్పుతుంటే ఆమె చూడనట్టు కూర్చుంది.

చేతులు అతికే వేళకు లాల్‌బీ ఆగిపోయింది. చొక్కా కొలత తప్పని తేలింది. చేతి పొడవు ఎంత పెట్టాలో, భుజం ఎంత వదలాలో తెలియదు. ఎవరిని అడగాలో తెలియక, అంకమ్మరావు అన్న మాటే అతనితో చెప్పింది. నీ అంత మనిషయ్యాడట అంది. అవే భుజాలట అంది.

నాగూర్ వలి కాసేపు తన చేతుల వంక చూసుకున్నాడు. తర్వాత లేచి, తలగుడ్డ తీసి, సగం కుట్టిన ఆ చారల కోటు తొడుక్కుని, రెండు చేతులూ చాచి నిలబడ్డాడు. మధ్యాహ్నపు వేడి ఇంకా గదిలోనే ఉంది. నిమిషంలో అతని మెడ చెమట పట్టింది. కనురెప్పల మీద దూది పింజలు అంటుకున్నాయి. ఆమె సూదులు గుచ్చుతూ చుట్టూ తిరిగింది. ఇంత దగ్గరగా నిలబడి అతని ముఖం చూసి చాలా కాలమైంది. గడ్డం ఎప్పుడు నెరిసిందో ఆమె గమనించనే లేదు.

"భుజం కాడ ఇంకాస్త వదులుండనీ" అన్నాడు. "వాడు తుపాకీ ఎత్తాలిగా."

లాల్‌బీ గుచ్చిన సూది తీసి, వదులు చేసి, మళ్లీ గుచ్చింది.

"నా గురించి ఏమన్నా అన్నాడా, ఆ అంకమ్మరావుతో?"

ఒక తీపి మాట కల్పించి చెప్పడం పెద్ద కష్టం కాదు. నాలుక చివరిదాకా వచ్చింది కూడా.

"ఏం అనలా" అంది.

అతను తలూపాడు. దూరంగా ఎవరో ఎద్దుల్ని అదిలిస్తున్నారు. గోడ అవతల డబ్బా మూత ఒకటి మెల్లగా పడింది.

"నేను ఏకానని చెప్పి పంపొద్దు" అన్నాడు.

"చెప్పను."

"వాడికి తెలుస్తదంటావా?"

ఆమె అతని ఛాతీ మీద కోటును సవరించి, అరచేయి అక్కడే ఉంచింది. దూది ఎక్కడా బొడిపె కట్టలేదు. పలచగా, వెచ్చగా, ఒకే తీరుగా ఉంది.

"చెయ్యి పెడితే తెలుస్తది. పుట్టిన కాణ్ణించీ వాడు పడుకుంది నువ్వు ఏకిన దూది మీదే" అంది.

కొలత అయిపోయింది. అయినా నాగూర్ వలి చాచిన చేతులు దించలేదు. దించమని లాల్‌బీ చెప్పలేదు.