మృగశిర నాడు అమ్మని చేపలు

"చేప ఎగురుతున్నది మేడం, జర చూడుండ్రి! విషం ఉంటే గిట్ల ఎగురుతదా?"

బొచ్చె చేప నిజంగానే తోక కొట్టింది. నీళ్లు సుహానా దుపట్టా మీద చిందాయి. గద్వాల మార్కెట్లో మునవ్వర్ దుకాణం ముందున్న జనం గొల్లుమన్నారు. ఆ రోజు మృగశిర కార్తె. చేప వండని ఇల్లుండదు.

సుహానాకి ఒళ్లు మండిపోయింది. ఆమె వనపర్తి కాలేజీలో కెమిస్ట్రీ చెబుతుంది. ఈ దుకాణంలో కొన్న చేపల్నే హైదరాబాద్ ల్యాబ్‌కి పంపింది. పోయినేడు పత్తికి కొట్టిన మందు వాటి కొవ్వులో పేరుకుపోయిందని నిన్న ఫోన్ వచ్చింది. ఈ చేపలొచ్చే చెరువు మీద అధికారమున్న ఆఫీసుకి పరుగెత్తితే, అక్కడి సారు పాన్ నములుతూ నవ్వి అడిగాడు. "తిని ఎవరన్న సచ్చిన్రామ్మా?"

ఆ మాట గుర్తొస్తేనే ఆమెకి కోపంతో ఏడుపొస్తోంది.

"ఎగిరితే మంచిదేనా? మందు కొట్టిన పంపులు గా చెరువులనే కడుగుతున్రు. చేప సావది. మందును కొవ్వుల దాసుకుంటది. తిన్నోళ్ల ఒంట్లకు వస్తది."

"ఉప్పు, పసుపేసి కడిగితే?"

"పోదు."

"మంచిగ ఫ్రై చేస్తే?"

"పోదు మునవ్వర్!"

పేరు పెట్టి పిలిచేసరికి అతని మొహం వెలిగిపోయింది. నెల నుంచీ ప్రతి శుక్రవారం వస్తుంటే తన కోసమేనని మురిసిపోయాడు పాపం.

"అయితే గిన్ని దినాలు నువ్వొచ్చింది టెస్టింగ్ కోసమేనా?"

"మరి దేనికనుకున్నవ్?" అని కసిరి, చూపు తిప్పేసుకుంది సుహానా.

అంతలో మునవ్వర్ తల్లి మెహరున్నిసా గిన్నె పట్టుకుని వచ్చింది. "బేటా, చేప గుడ్లు తీసిపెట్టినవా? ఫరాకు ఏడో నెల. గవి తింటేనే బిడ్డ బలంగ ఉంటడు."

మునవ్వర్ చేతిలో కత్తి ఆగిపోయింది. "గుడ్లల్ల కూడ ఉంటదా మేడం?"

సుహానా తలూపింది.

"వారం వారం మా చెల్లెకు నేనే పంపిన." అతను కత్తి పక్కన పెట్టేశాడు.

"తెల్వక పంపినవ్. ఇగ పంపకు. దవాఖానల చూపిద్దాం, నేను గూడ వస్త. తెల్సి గూడ నవ్వినోడు ఆఫీసుల కూసున్నడు, తప్పు వానిది!"

"ఏందయ్యా, చేపలిస్తవా లేదా?" జనం అరిచారు.

"ఇయ్య! మా ఫరాకు పనికిరాంది మీకెట్ల అమ్మాలె?" మునవ్వర్ చేపల గంప నెత్తికెత్తుకున్నాడు. "నడువుండ్రి, ఇయ్యాల సారుకే పెడదాం మృగశిర!"

జనమంతా వెంట నడిచారు. గంప తీసుకెళ్లి సారు టేబుల్ మీద దించాడు.

"ఇంటికి తీస్కపోండ్రి సార్. మీ పిల్లలకు వండిపెట్టుండ్రి."

సారు కుర్చీ వెనక్కి జరిగింది. "వద్దొద్దు, మా ఇంట్ల..."

"ఎందుకొద్దు?" సుహానా గొంతు ఆఫీసంతా వినిపించింది. "ఎవరు సావరు కద సార్!"

సారు పాన్ నమలడం మానేశాడు. గుమ్మం నిండా జనం. చెమట తుడుచుకుని, ఆ చెరువు చేపల అమ్మకం ఆపమని తనే ఫోన్ చేశాడు.

బయట సన్నగా వాన మొదలైంది. "పిల్ల గట్టిదే," అని మెహరున్నిసా ముసిముసిగా నవ్వింది. "ఇంటికి రా బేటీ. పప్పే వండుత."

మునవ్వర్ ఖాళీ గంపని సుహానా తల మీద గొడుగులా పట్టాడు. "ఇగ శుక్రవారం రావేమో. నా తాన చేపలు లేవు."

"ల్యాబ్‌కు చేపలు మొదటి వారమే పంపిన," అంది సుహానా, వాన వంక చూస్తూ. "మిగిలిన వారాలు ఎందుకొచ్చిన్నో నువ్వే చెప్పు."