గిజిగాడి గూడు కింద చీటీ

"ఏమండీ, ఈ చీటీలో తప్పుంది."

గాజు బీరువా తుడుస్తున్న ఆమె వెనక్కి తిరిగింది. ఒకప్పుడు ఓ డాక్టరుగారు కాపురమున్న ఆ పాత ఇల్లు ఇప్పుడు మ్యూజియం. ఆయన జీవితమంతా పోగేసిన పక్షులు, సీతాకోకచిలుకలు, గవ్వలు ఏ గదిలో చూసినా అవే. వాటి బాగోగులు చూసే ఉద్యోగం ఆమెది. అంతకు ముందు వాళ్ల నాన్నది.

"ఏం తప్పు?"

"గిజిగాడి గూడు ఆడపక్షి కట్టిందని రాశారు. కట్టేది మగది. నేను సైన్స్ టీచర్ని లెండి. ఈ రాసినాయన కాస్త చదువుకుని రాయాల్సింది."

"మా నాన్న," అంది ఆమె. "నిరుడు పోయారు."

టీచర్ మొహం పాలిపోయింది. ఏదో అనబోయేలోపే ఆమె పక్క గదిలోకి వెళ్లిపోయింది.

అతని మాట తప్పని తేల్చాలన్న పంతంతో ఆ సాయంత్రం డాక్టరుగారి నోటుపుస్తకాలు ముందేసుకుంది. మూడో దాంట్లో దొరికింది: 'మగది సగం కట్టింది. ఆడది వచ్చి చూసి, నచ్చక ఎగిరిపోయింది. పాపం, మగది ఇంకోటి మొదలుపెట్టింది.'

మర్నాడు విజిటర్ల పుస్తకంలో టీచర్ కోడిగీతలు కనిపించాయి. 'నోరు జారాను. అంత ముచ్చటైన చేతిరాత ఎవరిదని అడగాల్సింది. మన్నించండి.' కింద ఫోన్ నంబరు.

రెండు రోజులు తటపటాయించి ఫోన్ చేసింది.

"మీరు చెప్పిందే రైటు. కానీ నాన్న చీటీ తీయడానికి నాకు చెయ్యి రావడం లేదు."

"తీయొద్దండి. దాని కింద ఇంకోటి పెడదాం. నేనొచ్చి రాయనా?"

"మీ దస్తూరి చూశాను. మీరు చెప్పండి, నేను రాస్తాను."

ఆదివారం వానలో తడిసి ముద్దై వచ్చాడు. టికెట్ కౌంటర్లో కూర్చునే ఆమె తల్లి అతనికి తువ్వాలు అందించింది. ఒక్క చీటీ కోసం వచ్చినవాడు, మిగతా గదుల్లో చీటీలు కూడా సరిచూద్దామంటూ ఆ వానాకాలమంతా ఆదివారం తప్పకుండా వస్తూనే ఉన్నాడు.

"ఆ ఆడపక్షిది మరీ అన్యాయమండీ," అన్నాడోసారి. "ఎన్ని గూళ్లు కడితే నచ్చుతుందట?"

"నోరు తెరిచి అడగమనండి. ఊరికే కట్టుకుంటూ పోతే ఎలా తెలుస్తుంది?"

అతను తలెత్తేసరికి ఆమె దీక్షగా గవ్వలు తుడుస్తోంది. చెవులు మాత్రం ఎర్రబడ్డాయి.

ఆఖరి గదికి వచ్చిన ఆదివారం అతను పరధ్యానంగా పనిచేశాడు. ఒకే చీటీ రెండుసార్లు చెప్పాడు.

"ఏమైంది?"

"ట్రాన్స్‌ఫర్ అయింది. బస్సులో మూడు గంటలు." గొంతు సవరించుకున్నాడు. "ఇక్కడికి వచ్చేది పక్షుల కోసం కాదని మీకు తెలుసు కదా?"

ఆమె కలం మూత పెట్టింది.

"తెలుసు. ఎప్పుడు చెబుతారా అని చూస్తున్నాను. ఆదివారాలు మీరు రండి. సోమవారం మ్యూజియం సెలవు, నేను వస్తాను."

"మరి మిగతా ఐదు రోజులు?"

"వాటి సంగతి పెద్దవాళ్లం మాట్లాడుకుంటాంలే బాబూ," కౌంటర్ దగ్గర్నుంచి వాళ్లమ్మ గొంతు వినిపించింది. "మీ అమ్మగారి నంబరు చెప్పు."

కంగారులో కన్నతల్లి నంబరే గుర్తురాలేదతనికి. జేబులన్నీ తడుముకుంటుంటే, బల్ల మీదున్న అతని ఫోన్ తీసి చేతిలో పెట్టింది ఆమె. పెట్టిన చెయ్యి వెనక్కి తీసుకోలేదు.