బ్లాకర్ లేకుండా

మొదటి బుల్లెట్ కళ్లద్దాలను పగలగొట్టింది. రెండోది గొంతులో దిగింది. ల్యాబ్ టేబుల్ మీద ఒరిగిపోయిన మనిషి, కంప్యూటర్లలో నేరాల ఆధారాలు వెలికితీసే డిజిటల్ ఫోరెన్సిక్స్‌లో తలపండిన నిపుణుడు, ఏజెంట్ నైన్‌కి సొంత బావ.

"విదేశీ ముఠా పని," అన్నాడు చీఫ్. "వాళ్ల నాయకుడి ముఖం ఉన్న డిస్క్ మీ అక్క వంటింటి డబ్బాలో ఉండబట్టి బతికిపోయింది. అది మీ బావ దగ్గరుందని ఆయన నిపుణుల సంఘంలో ముగ్గురికే తెలుసు. వాళ్లలో ఒకరు నకిలీ, ముఠా మనిషి. డిస్క్ తెరవడం కూడా ఆ సంఘం వాళ్లకే వచ్చు; అది తీసుకెళ్లి, కొత్త సభ్యుడిలా చేరి ఆ నకిలీని పట్టుకో."

"నాకు కంప్యూటర్ ఆన్ చెయ్యడమే సరిగ్గా రాదు సార్."

"గడ్డం పెట్టుకో. చూసేవాళ్లు వచ్చనుకుంటారు."

నైన్‌కి నవ్వు రాలేదు. అక్క ఏడుపు చెవుల్లో ఇంకా మోగుతోంది. వాడు దొరికితే ఆర్డర్ కోసం ఆగకూడదనుకున్నాడు.

సంఘం ఆఫీసులో ముగ్గురూ అతని కోసం చూస్తున్నారు. బట్టతల ప్రెసిడెంట్. మెడలో హెడ్‌ఫోన్లతో ఆడియో నిపుణుడు. ఎర్ర కోటులో వీడియో నిపుణురాలు. ఈ అందగత్తె డబుల్ ఏజెంట్; ఎవరి మనిషో చీఫ్‌కీ అంతుపట్టలేదు.

"చేరాలంటే పరీక్ష ఉంటుంది," అన్నాడు ప్రెసిడెంట్. "మీరు తెచ్చిన ఆ డిస్క్ కాపీ తియ్యండి."

టేబుల్ మీద బ్లాకర్ ఉంది. డిస్క్‌లో ఒక్క అక్షరం కూడా మారకుండా అడ్డుకునే చిన్న పెట్టె. భోజనాల దగ్గర కూడా బావ పాఠం అదే. "అది లేకుండా డిస్క్ తగిలించావో, చచ్చినవాణ్ణి మళ్లీ చంపినట్టేరా బామ్మర్దీ!"

నైన్ బ్లాకర్‌ని పక్కకు నెట్టి, కేబుల్‌ని నేరుగా కంప్యూటర్ దగ్గరికి తీసుకెళ్లాడు.

"అయ్యయ్యో, ఆగండి!" ప్రెసిడెంట్ కుర్చీతో సహా బోర్లాపడ్డాడు.

ఎర్ర కోటు ఎగిరొచ్చి నైన్ మణికట్టు పట్టేసింది. "బుద్ధుందా? సాక్ష్యం పాడైపోతుంది!"

ఆడియో నిపుణుడు మాత్రం తాపీగా చూస్తున్నాడు. తప్పేమిటో తెలిస్తేగా ఉలిక్కిపడటానికి!

"దొరికావ్," అన్నాడు నైన్.

ఆ నకిలీవాడి పిస్టల్ పేలింది. ఎర్ర కోటు భుజం పట్టుకుని కూలబడింది. వాడు డిస్క్ లాక్కుని, పాత డిస్కులను నుజ్జుచేసే క్రషర్‌లో పడేసి బటన్ నొక్కాడు. ఉక్కు దవడలు దిగుతున్నాయి. నైన్ వాడి చెయ్యి విరిచి, పిస్టల్ ఊడబెరికి దవడల మధ్య కుక్కాడు. కీచుమంటూ క్రషర్ ఆగింది. డిస్క్‌కీ దవడకీ మధ్య గోరంత సందు మిగిలింది.

వాడి రెండో చేతిలోని కత్తి నైన్ అరచేతిని చీల్చేసింది. ఆ నెత్తుటి చేత్తోనే నైన్ కేబుల్‌ని వాడి గొంతుకు చుట్టాడు. "ఇది మా అక్క కోసం," అంటూ కాళ్లు కొట్టుకోవడం ఆగేదాకా బిగించాడు.

ప్రెసిడెంట్ లేచొచ్చి, క్రషర్‌లోంచి డిస్క్ తీసి, బ్లాకర్ తగిలించి తెరిచాడు. ముఠా నాయకుడి ముఖం తెర నిండా కనిపించింది. సాయంత్రానికి వాడికి సంకెళ్లు పడ్డాయి.

వారం తర్వాత సంఘం నుంచి మెయిల్ వచ్చింది. "మీ సభ్యత్వం తిరస్కరించాం. కారణం: బ్లాకర్ లేకుండా డిస్క్ తగిలించబోయారు."

అక్క అది చదివి, బావ పోయాక మొదటిసారి నవ్వింది.

"మీ బావ ఉన్నా నిన్ను చేర్చుకునేవారు కాదురా!"