ఐజాక్ చుట్టిన షాఫ్టు

"మా ఆయన తప్పు చేయలేదు మేడమ్. ఆ మాట తేలిస్తే చాలు," అంది రెబెకా.

అనంతపురంలో ప్రైవేట్ డిటెక్టివ్ మల్లీశ్వరి దగ్గరికి ఆమె వచ్చేసరికి భర్త ఐజాక్ పోయి పన్నెండు రోజులు. ఓడ ఇంజిన్ బలాన్ని ప్రొపెల్లర్‌కు అందించే షాఫ్టులను సోమందేపల్లె దగ్గరి ఒక కర్మాగారంలో ఉక్కుకు బదులు కార్బన్ దారంతో చేస్తారు. ఆ దారం చుట్టే పని ఐజాక్‌ది. పరీక్షలో తిరుగుతున్న షాఫ్టు ఊడివచ్చి అతని ఎదకు తగిలింది. దారం తప్పు కోణంలో చుట్టాడని యజమాని కేశవ రిపోర్టు రాశాడు.

"పరీక్షకు ముందురోజు ఆయన యాడున్నాడు?"

"పన్నెండుకు కరెంటు పోయిందని ఇంటికొచ్చినాడు. కరెంటు రాలేదని మూడు దాకా పాపను ఆడిస్తా ఉండె."

సహాయకుడు గిరి అది రాసుకున్నాడు. ఎందుకు అడిగిందో అతనికి బోధపడలేదు. అక్క అడిగిందంటే ఊరికే ఉండదని మాత్రం తెలుసు.

కర్మాగారంలో మల్లీశ్వరి షాఫ్టు పక్కన మోకాళ్లమీద కూర్చుంది. ఐజాక్ దారం చుట్టిన కార్బన్ గొట్టం చెక్కుచెదరలేదు. దానికి అతికించిన ఉక్కు చివర మాత్రం ఊడిపోయింది. అక్కడి జిగురును గోరుతో గీకి చూసింది. పరీక్షకు ముందురోజు ఓవెన్ వేడిని గంటగంటకూ రాసిపెట్టిన కాగితం తెప్పించుకుంది. తర్వాత గోడమీది డ్రాయింగుల్లోని అంకెలను చాలాసేపు చూసింది.

సాయంత్రం కేశవను, షాఫ్టును డిజైన్ చేసిన నారాయణప్పను, రెబెకాను ఒకచోట కూర్చోబెట్టింది.

"కోణం తప్పయితే గొట్టమే చీలాల. చీలలేదు. జిగురు ఓవెన్లో ఎనిమిది గంటలు ఆపకుండా కాలితేనే గట్టిపడేది. ఇప్పటికీ గోరు దిగుతాంది. మూడు గంటలు కరెంటు లేకున్నా, ఒంటిగంటకూ రెండింటికీ నూటడెబ్బై డిగ్రీలని ఈడ రాసినారు. అప్పుడు ఐజాక్ ఇంట్లో ఉన్నాడు. ఈ కాగితంలో ఏడు అంకెకు నడుమ అడ్డగీత ఉండాది. గోడమీది డ్రాయింగుల్లోనూ అదే గీత. అవి గీసింది మీరే కదా నారాయణప్పగారూ?"

నారాయణప్ప ఒప్పుకున్నాడు.

"తెల్లారితే పరీక్ష చూసేదానికి ఓడల కంపెనీవాళ్లు వస్తాండిరి. రెండింతల బలానికి డిజైన్ చేసింటి, నిలుస్తాదనుకుంటి. ఇంకోసారి కాల్చేదా సార్ అని ఐజాక్ అడిగినాడు. వద్దంటి."

"పని నేర్పింది మీరే కదా సార్," అంది రెబెకా మెల్లగా. "మీరు వద్దంటే ఆయన ఇంకేం అడుగుతాడు?"

నారాయణప్ప రెండు చేతుల్లో మొహం దాచుకున్నాడు. గిరి పోలీసులకు ఫోన్ చేశాడు. కేశవ పాత రిపోర్టు కొట్టేసి, ఐజాక్ తప్పేమీ లేదని కొత్తది రాసి సంతకం పెట్టాడు.

రెబెకా దాన్ని మడిచి కొంగులో కట్టుకుంది.

"మా అత్తకు చదివి వినిపిస్తా. నా కొడుకు ఓడ చెడగొట్టినాడంటనే అని పన్నెండు దినాలుగా గడప దాటలేదు, ముసిల్ది. సముద్రమన్నా ఎరగదు."