కత్తికి కట్టిన బాసికం

ఆ ఏడు శ్రావణమంతా ఏలకొండ దుర్గం మీద వాన తెరిపి ఇవ్వలేదు. కొండ కింద కనుచూపు మేర శత్రువుల గుడారాలు పుట్టగొడుగుల్లా మొలిచి ఉన్నాయి. కొండ మీద, తరతరాల కీర్తిని మోస్తున్న బురుజుల వెనుక, జనం చింతగింజలు ఉడకబెట్టుకుని తింటున్నారు. కోటగోడ మీది వీరుల విగ్రహాలకు మాత్రం నూనె దీపాలు తప్పలేదు. పోపుకైనా చుక్క నూనె లేదని ఆడవాళ్లు గొణుక్కున్నారు గాని, వంటింటి మాట దర్బారు దాకా ఏనాడు వెళ్లింది కనుక?

ఆ కోటలో దళవాయి సూరపనాయకుడి ఇంట, చందనపు పీట మీద ఒక కత్తి కొలువై ఉండేది. ఆ ఇంటి ఇల్లాలు లక్కమకు అదే భర్త.

ఇది మాట వరసకు అన్నది కాదు. పెళ్లినాటికి సూరప సరిహద్దు పోరులో ఉన్నాడు. వరుడు రాలేకపోతే అతని కత్తిని పల్లకిలో పంపడం ఆ వంశాల ఆచారం. పిడికి బాసికం కట్టారు. లక్కమ ఆ ఉక్కు మీద తలంబ్రాలు పోసింది. అవి జారి పీట మీద పడుతుంటే పురోహితుడు శుభమన్నాడు. వధువుకు తీరిక లేకపోతే ఆమె గాజును పంపితే చాలునని మాత్రం ఏ శాస్త్రమూ చెప్పలేదు.

పెళ్లి కుదిర్చినవాడు ప్రధాని బయ్యప. లక్కమకు మేనమామ, తల్లి లేని ఆమెను పెంచినవాడు. సైన్యం చేతిలో ఉన్న దళవాయి తన ఇంటి అల్లుడైతే గుప్పిట్లో ఉంటాడని అతని ఎత్తు. ఆ ఎత్తు సూరపకూ తెలుసు. అందుకే ముట్టడి మొదలై కోటకు తిరిగి వచ్చినా బురుజు మీదే పడుకున్నాడు గాని ఇంటి గడప తొక్కలేదు. లక్కమ అతణ్ణి మేడ కిటికీలోంచే చూసింది. వానలో నిలబడి, తన వాటా అంబలిని గాయపడిన బంటు నోట పోస్తున్నాడు. ఆ ఒక్క చూపుతోనే ఆమె మనసు ఆమెది కాకుండా పోయింది. అప్పటినుంచి రోజూ పొద్దున్నే కత్తికి నూనె రాసి, తుడిచి, పువ్వు పెట్టి, దానితోనే నాలుగు మాటలు చెప్పుకునేది.

"మంచి మొగుడే తల్లీ," అనేది దాది చెన్నవ్వ. "గురక పెట్టడు. కూరలో ఉప్పు లేదనడు."

"పలకడు కూడా చెన్నవ్వా."

"పలికేవాళ్లను కట్టుకున్నదాన్ని నన్నడుగు, ఆ సుఖమెంతో చెబుతాను."

ఒకనాడు బయ్యప వచ్చాడు. చెన్నవ్వను బయటికి పంపి, గొంతు తగ్గించాడు.

"అమ్మాయీ, రేపు మధ్యాహ్నం నగారా మోగగానే ఉత్తర ద్వారం తెరిపిస్తున్నాను. రాజును అప్పగిస్తే కోటలో మిగిలినవారిని ముట్టబోమన్నారు. అందరికంటే ముందు నీ పేరే చెప్పాను. నా ఇంటికి వచ్చి కూర్చో."

"మరి దళవాయిగారు, మామా?"

బయ్యప పీట వైపు చూసి నవ్వాడు. "నీ మొగుణ్ణి చంకన పెట్టుకు రా. ఎవరు వద్దన్నారు?"

అతడు వెళ్లీ వెళ్లగానే లక్కమ వానలో తడుస్తూ బురుజెక్కింది.

"ప్రభూ, నేను లక్కమను."

ఆ పరిచయం చేసుకోవలసి వచ్చినందుకు సిగ్గుపడింది ఆమే. సిగ్గుపడవలసినవాడికి ఆ ఆలోచనే రాలేదు. చెప్పినదంతా సూరప కదలకుండా విన్నాడు.

"ఆ ద్వారం కాపంతా మీ మామ మనుషులే. మార్చబోతే ఈ క్షణమే తెరుస్తారు. ఇక కోట దక్కదు. రాజునైనా దక్కించుకోవాలి." ఉత్తర ద్వారం వైపు చూస్తూ అన్నాడు: "నీ మేలు ఈ రాజ్యం మరువదు."

ఆమె ఎదురుచూసినది రాజ్యం మాట కాదు.

మర్నాడు పొద్దున సూరప మొదటిసారి ఆ గడప దాటాడు. లక్కమ కాళ్లకు నీళ్లు తెచ్చింది. అతడు చెంబు అందుకోలేదు, తిన్నగా పీట దగ్గరికి నడిచాడు.

"పడమటి సొరంగం గుండా ప్రభువును దాటిస్తున్నాం. ఈ కత్తి లేకుండా మా వంశంలో ఎవరూ రాజు ముందు నడవలేదు."

"నేనూ వస్తాను. బరువు కాను. వెనకబడితే వెనకే వదిలేయండి."

"లక్కమా, నిన్ను పెంచిన చేతిని ఒక్క పూటలో విడిచావు. దారిలో నా చేతిని విడవవని నమ్మకమేమిటి? నీవు బయ్యప ఇంటి పిల్లవు. నా ప్రాణమైతే నీకు అప్పగించేవాణ్ణేమో. రాజు ప్రాణం నాది కాదు."

"మీ కోసమే విడిచాను."

"నేను అడగలేదు."

నిజమే, అతడు అడగలేదు. సూరప కత్తి ఎత్తి, పిడికి ఉన్న బాసికాన్ని తెగకుండా మెల్లగా విప్పి, ఆమె అరచేతిలో పెట్టాడు.

"పట్టు జారుతుంది," అన్నాడు, క్షమించమన్నట్టు. పెళ్లయ్యాక ఆమెను తాకడం అదే మొదలు. అతడు వానలోకి దిగిపోయాడు.

మధ్యాహ్నం నగారా మోగింది. ద్వారం తెరుచుకుంది. సింహాసనం ఖాళీగా కనబడేసరికి, మోసపోయామనుకున్న శత్రువులు బయ్యపను ఆ ద్వారం దగ్గరే నరికారు. అతనితోపాటే అతడు తెచ్చిన అభయమూ పోయింది. తర్వాతి కాలంలో సూరప స్వామిభక్తిని కొనియాడుతూ నిలువెత్తు శాసనం వేయించారు. అంత రాతి మీద చోటు చాలలేదు కాబోలు, ద్వారం తెరవబోతున్నారన్న కబురు అతనికి చేర్చినదెవరో చెక్కలేదు.

ఇల్లిల్లూ వెదుకుతూ వచ్చిన శత్రునాయకుడు దళవాయి ఇంట ఆగాడు. చందనపు పీట, వాడని పువ్వు, నూనె మరక. గోడవారన ఇద్దరు ఆడవాళ్లు.

"ఇక్కడ ఎవరుండేవారు?"

"మావారు," అంది లక్కమ.

"ఏడీ?"

"రాజుగారి వెంట వెళ్లారు."

అతడు ఖాళీ పీటను చూశాడు. ఆమె గుప్పిట్లోంచి వేలాడుతున్న బాసికం పసుపుదారాన్ని చూశాడు.

"నిన్ను తీసుకెళ్లలేదా?"

లక్కమ చెన్నవ్వ వైపు తిరిగింది. చెన్నవ్వ ఆ వేలాడే దారాన్ని ఆమె గుప్పిట్లోకే దోపి, వేళ్లు మూసింది.